మీకు తెలుసా? నకలు కనిపిస్తే చెరిపేసే బూజు

రొట్టె మీద పెరిగే నారింజ రంగు బూజు ఒకటుంది. తన డీఎన్‌ఏలో ఒకే జన్యువు రెండు చోట్ల కనబడితే అది రెండింటినీ పాడుచేసేస్తుంది. నకలుతో పాటు అసలును కూడా. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. మరో బూజుతో జత కలిశాక, సంతాన బీజాలు తయారయ్యే లోపు దొరికే కొద్దిపాటి గడువులోనే ఆ పని ముగించేస్తుంది. ఆ గడువు దాటాక ఇంకో తనిఖీ ఉంది, దాని పద్ధతి వేరు. కణాల్లో ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉన్న జీవిని మనం పాచిపోయిన రొట్టెతో పాటు చెత్తబుట్టలో పడేస్తాం.

ఎవరీ బూజు?

పేరు న్యూరోస్పోరా క్రాసా. 1840ల తొలినాళ్లలో పారిస్‌లో సైనికుల కోసం రొట్టెలు కాల్చే బట్టీల్లో ఈ రకం బూజు విపరీతంగా ప్రబలింది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు దాన్ని మొదటిసారి వర్ణించింది అప్పుడే. 1927లో అమెరికన్లు షియర్, డాడ్జ్ దానికి ఇప్పటి పేరు పెట్టారు. ఇండోనేసియాలోని జావా ద్వీపంలో దీని దగ్గరి బంధువును కావాలని పెంచుతారు. నూనె తీసేశాక మిగిలిన వేరుశనగ చెక్క మీద దాన్ని పెంచి, ‘ఒంచోమ్’ అనే వంటకం చేసుకుని తింటారు.

జన్యుశాస్త్రంలో దీని స్థానం చాలా పెద్దది. 1941లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టేటమ్ ఈ బూజును ఎక్స్ కిరణాలకు గురిచేసి, ఒక్కో జన్యువు ఒక్కో ఎంజైము తయారీని నడిపిస్తుందని చూపించారు. 1958లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1944లో బీడిల్ పిలుపు మీద బార్బరా మెక్‌క్లింటాక్ స్టాన్‌ఫర్డ్ వచ్చి, సూక్ష్మదర్శిని కింద ఈ బూజు క్రోమోజోములు ఏడని తేల్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆమె మొక్కజొన్నలో, ఉన్న చోటు నుంచి మరో చోటికి గెంతే జన్యువులను కనుగొన్నారు. 1983లో ఆమెకు నోబెల్ తెచ్చిపెట్టినవి అవే. ఆమె చేత్తో క్రోమోజోములు లెక్కపెట్టించుకున్న బూజు, ఆమె కనుగొన్న ఆ గెంతే జన్యువులనే కట్టడి చేయడంలో సాటిలేనిదని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇవి ఎలా జత కడతాయి?

న్యూరోస్పోరాలో ఆడదీ మగదీ అని వేరుగా ఉండవు. ‘పెద్ద ఎ’, ‘చిన్న ఎ’ అని రెండు జత రకాలుంటాయి. ఏ రకమైనా ఆడ పాత్ర వహించగలదు, మగ పాత్రా వహించగలదు. ఎదుటిది తనకు భిన్నమైన రకం కావాలి, షరతు అంతే. నత్రజని కరువైనప్పుడు బూజులో చిన్న చిన్న ఉండల్లాంటివి ఏర్పడతాయి. వాటి నుంచి ఒక పోగు బయటికి సాగి, ఎదుటి రకం వదిలే ఫెరోమోన్ జాడ పట్టి దానివైపు పెరుగుతుంది. తాకగానే ఎదుటి కేంద్రకం ఆ పోగులోంచి లోపలికి వచ్చేస్తుంది.

తర్వాత జరిగేదే ఈ కథకు ఆధారం. లోపలికి వచ్చిన కేంద్రకం వెంటనే రెండోదానితో కలిసిపోదు. రెండూ పక్కపక్కనే ఉంటూ, ఎవరికి వారు విభజన చెందుతూ, కొన్ని రోజులు గడుపుతాయి. ఒక్కో కేంద్రకంలో ఒక్కో క్రోమోజోముల సెట్టే ఉంటుంది. ఆ తర్వాతే అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి కలిసి ఒకే కేంద్రకమవుతాయి. అలా కలవడమే తడవు క్షయకరణ విభజన మొదలవుతుంది. దాని వెనకే మరో విభజన. చివరికి పొడవాటి సంచిలో ఎనిమిది సిద్ధబీజాలు వరసగా అమరుతాయి.

కేంద్రకాలు విడివిడిగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే మొదటి తనిఖీ జరుగుతుంది. ప్రతి కేంద్రకం తన డీఎన్‌ఏను తాను వెతుక్కుంటుంది. అక్కడ ప్రతి జన్యువూ ఒక్కటే ఉండాలి. రెండు కనబడితే రెండోది ఎక్కడి నుంచో వచ్చి చేరి ఉండాలి. తనను తాను నకలు చేసుకుంటూ వ్యాపించే గెంతే జన్యువుకు అంతకన్నా స్పష్టమైన ఆనవాలు ఉండదు.

ఆ తనిఖీ పేరు ‘రిప్’

1987లో ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ సెల్కర్ బృందం ‘సెల్’ పత్రికలో దీన్ని ప్రకటించింది. బయటి నుంచి ఎక్కించిన డీఎన్‌ఏ మామూలుగా పెరిగే బూజులో చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే బూజును జత కట్టించి పిల్లల్ని చూస్తే, రెండుసార్లు ఉన్న భాగాల్లో అక్షరాలు మారిపోయి ఉన్నాయి. మార్పు కూడా ఇష్టం వచ్చినట్టు జరగలేదు. డీఎన్‌ఏ నాలుగక్షరాల్లో సైటోసిన్ ఉన్న చోట థైమిన్ చేరింది. అంటే ‘సి’ పోయి ‘టి’ వచ్చింది. ఒక్క తరంలోనే, నకలు భాగంలోని జి-సి జంటల్లో 30 శాతం దాకా ఇలా మారిపోగలవు. ప్రకృతిలో ఉత్పరివర్తనాలు చాలా అరుదుగా, ఎక్కడో ఒక అక్షరం దగ్గర జరుగుతాయి. ఇక్కడ ఒక్క జతలోనే జన్యువు ఛిన్నాభిన్నమవుతుంది.

ఈ యంత్రాంగం ‘ఎ’ అక్షరానికి ముందు ఉన్న ‘సి’లనే ఎక్కువగా మారుస్తుంది. ప్రోటీను తయారీలో సి-ఎ-ఎ, సి-ఎ-జి అనే మూడక్షరాల మాటలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. మొదటి ‘సి’ని ‘టి’గా మార్చండి. టి-ఎ-ఎ, టి-ఎ-జి వస్తాయి. ఆ రెండింటికీ కణం చెప్పుకునే అర్థం ఒకటే: ఇక్కడ ఆపేయ్. గ్లుటమిన్ ఉండాల్సిన చోటల్లా ఆపేయమన్న ఆజ్ఞ పుట్టుకొస్తుంటే ఇక ఆ జన్యువు నుంచి పనికొచ్చే ప్రోటీను ఎలా వస్తుంది? అంతటితో ఆగదు. చెడిన భాగం మీద మిథైల్ గుంపులు అంటుకుని, మిగిలిన కాస్త పనిని కూడా అణిచేస్తాయి.

ప్రతి చిన్న పోలికకూ రిప్ స్పందించదు. నకలు పొడవు కనీసం సుమారు 400 అక్షరాలు ఉండాలి, రెండింటికీ పోలిక 80 శాతానికి పైగా ఉండాలి. నకళ్లు పక్కపక్కనే ఉంటే దాదాపు తప్పించుకోలేవు. వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటే తప్పించుకునే అవకాశం గట్టిగానే ఉంది. పొడవుకున్న ఈ హద్దు వల్లే కణానికి తప్పనిసరిగా కావలసిన కొన్ని నకళ్లు బతికి బయటపడ్డాయి. రైబోజోములకు అవసరమైన 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులు ఈ బూజులో 70కి పైగా, క్రోమోజోముల మీద చెదురుమదురుగా ఉన్నాయి. ఒక్కోటి 120 అక్షరాలంత పొట్టిది కాబట్టి రిప్ దృష్టికి రావు.

ఈ పనికి అవసరమైన జన్యువు 2002లో దొరికింది. పేరు ‘రిడ్’. అది లేని రెండు బూజుల్ని జత కట్టిస్తే రిప్ జరగదు.

అయితే ఒక కేంద్రకంలో నాలుగు కోట్ల అక్షరాల మధ్య రెండు పోలిన ముక్కలు ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి? 2014లో హార్వర్డ్‌లో యూజీన్ గ్లాడిషెవ్, నాన్సీ క్లెక్నర్ ఒక జవాబు చూపించారు. ప్రతి అక్షరం కలవక్కర్లేదు. మూడేసి అక్షరాలు కలిసి, మళ్లీ ప్రతి 11 అక్షరాలకూ ఒకసారి అలా కలుస్తూ పోతే చాలు, పోలికను పట్టేస్తుంది. డీఎన్‌ఏ మెలిక ఒక చుట్టు తిరగడానికి పట్టే దూరం కూడా సుమారు అంతే. అంటే రెండు తీగలు విప్పుకోకుండా, పోగుల్ని తెంచుకోకుండానే పక్కపక్కన చేరి పోల్చుకుంటున్నాయన్నమాట. ఈ బూజు గురించి తెలిసిన విషయాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది ఇదే.

ఈ భద్రతకు బూజు ఎంత మూల్యం చెల్లించింది?

2003లో న్యూరోస్పోరా పూర్తి జన్యుక్రమం ‘నేచర్’లో వచ్చింది. సుమారు నాలుగు కోట్ల అక్షరాలు, పది వేల దాకా జన్యువులు. పోగులుగా పెరిగే శిలీంధ్రాల్లో మొట్టమొదట పూర్తిగా చదివింది దీన్నే. వెతికితే పనిచేసే గెంతే జన్యువు ఒక్కటీ దొరకలేదు. రిప్ చేత చితికిపోయిన వాటి శిథిలాలు మాత్రం నిండా ఉన్నాయి. ప్రకృతిలో ‘టాడ్’ అనే గెంతే జన్యువు చురుగ్గా ఉన్న బూజు దొరికింది ఐవరీ కోస్ట్‌లోని అడియోపొడూమే అనే చోట. మిగతా చోట్ల దొరికిన వాటిలో టాడ్ శిథిలాలే కనిపిస్తాయి. మనిషి జన్యురాశిలో దాదాపు సగం ఇలాంటి గెంతే జన్యువులు, వాటి అవశేషాలతోనే నిండి ఉందని గుర్తుచేసుకుంటే, ఈ బూజు ఎంత శుభ్రంగా ఉందో అర్థమవుతుంది.

మూల్యం మాటేమిటంటే, జీవపరిణామంలో కొత్త జన్యువులు పుట్టే ప్రధాన మార్గం నకళ్లే. ఒక జన్యువు రెండవుతుంది. ఒకటి పాత పని చేస్తూ ఉంటుంది, రెండోది మారుతూ మారుతూ కొత్త పని నేర్చుకుంటుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్ జన్యువుల కుటుంబం అలాగే పెరిగింది. న్యూరోస్పోరాలో రెండోది పుడితే, జత కట్టినప్పుడు సాధారణంగా రెండూ పోతాయి. అందుకే దాని జన్యురాశిలో దగ్గరి పోలిక ఉన్న జన్యు జంటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. గెంతే జన్యువుల బెడద నుంచి బయటపడటానికి అది తన ఎదుగుదల దారినే చాలా మటుకు మూసేసుకుంది. ఇది లాభసాటి బేరమా అని అడిగితే, ఇన్నాళ్లుగా బతికి ఉన్న జీవి కాబట్టి కాదనలేం.

రెండో తనిఖీలో జన్యువులు ఎందుకు మౌనం దాలుస్తాయి?

కేంద్రకాలు కలిశాక, తండ్రి వైపు క్రోమోజోమూ తల్లి వైపు క్రోమోజోమూ పొడవునా జతపడతాయి. పెళ్లి కుదిర్చే ముందు రెండు జాతకాలు పక్కపక్కన పరిచి గడి గడికీ సరిచూసినట్టు, కణం ఆ రెండింటినీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పోల్చి చూస్తుంది. ఒకవైపు ఉండి రెండో వైపు లేని భాగం ఏదైనా కనబడితే దాన్ని అనుమానిస్తుంది. ఈసారి డీఎన్‌ఏ జోలికి పోదు. ఆ జన్యువు మాటను మాత్రం నొక్కేస్తుంది.

1996లో రొడాల్ఫో అరమాయో, రాబర్ట్ మెట్జెన్‌బర్గ్ సిద్ధబీజాల పక్వతకు అవసరమైన ఒక జన్యువు మీద పనిచేస్తూ దీని ఛాయ పట్టుకున్నారు. జన్యువు ఉంటే సరిపోవడం లేదు, దానికి జత కూడా ఎదురుగా ఉండాల్సి వస్తోంది. 2001లో ప్యాట్రిక్ షియు, ఎన్.బి. రాజు, డెనీస్ జిక్లర్, మెట్జెన్‌బర్గ్ కలిసి ‘సెల్’లో అసలు సంగతి బయటపెట్టారు. జతలేని డీఎన్‌ఏ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏను ‘శాడ్-1’ అనే ఎంజైము జంటపోగుగా మారుస్తుంది. ‘డైసర్’ దాన్ని తునకలు చేస్తుంది. ఆ తునకలను పట్టుకుని ‘ఆర్గోనాట్’ కుటుంబపు ప్రోటీను, అదే వరస ఉన్న ప్రతి సందేశాన్నీ వెతికి ముక్కలు చేస్తుంది. జతపడి నిక్షేపంగా ఉన్న కాపీలు పంపే సందేశాలు కూడా అందులో కొట్టుకుపోతాయి.

దీనితో దశాబ్దాల నాటి చిక్కులు కొన్ని విడిపోయాయి. న్యూరోస్పోరా సిద్ధబీజాలు మామూలుగా రెండు కొసలూ సన్నగా, కండె ఆకారంలో ఉంటాయి. ‘రౌండ్ స్పోర్’ అనే రకంతో మామూలు రకాన్ని కలిపితే ఎనిమిదింటికి ఎనిమిదీ గుండ్రంగానే పుట్టేవి. సగమైనా మామూలుగా ఎందుకు ఉండటం లేదో ఎవరికీ అంతుపట్టలేదు. అక్కడ ఒక పక్క జన్యువు లేదు కాబట్టి రెండో పక్కది జతలేనిదైంది. జతలేనిది కాబట్టి కణం దాని నోరూ నొక్కేసింది. శాడ్-1 చెడిన బూజుతో కలిపి చూస్తే సిద్ధబీజాలు మళ్లీ కండెల్లా వచ్చాయి.

కంటితో చూడగలిగే ప్రయోగం ఇంకొకటుంది. ఆకుపచ్చగా వెలిగే ప్రోటీను జన్యువును ఒక్క బూజులోనే చేర్చి, లేనిదానితో జత కట్టిస్తారు. క్షయకరణ విభజన సాగినంత సేపూ సంచి చీకటిగా ఉంటుంది. సిద్ధబీజాలు విడివడి ఎవరి గోడ వారు కట్టుకున్నాక, ఎనిమిదిలో నాలుగింటి కేంద్రకాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. జన్యువు ఎక్కడికీ పోలేదు, మౌనం తాత్కాలికమే. రిప్ చేసిన గాయం శాశ్వతం, ఈ రెండో తనిఖీ ప్రభావం ఆ సంచి వరకే.

‘పెద్ద ఎ’, ‘చిన్న ఎ’లను నిర్ణయించే జన్యు భాగాలు ఒకదానికొకటి పోలికే లేనివి. అంటే ప్రతి జతలోనూ అవి జతలేనివిగానే మిగలాలి. అయినా తమ సొంత స్థానంలో ఉన్నంత కాలం వాటిని ఈ తనిఖీ ముట్టదు. ఆ మినహాయింపు లేకపోతే అసలు జతే నిలవదు.

ఒక జాతి మరో జాతితో కలవకుండా చూడటంలోనూ దీనికి పాత్ర ఉంది. దగ్గరి బంధువులైన వేరే న్యూరోస్పోరా జాతులతో కలిపినప్పుడు సంతానం దాదాపు శూన్యం. శాడ్-1ను పనిచేయకుండా చేస్తే ఆ వంధ్యత్వం కొంత తగ్గుతుంది. తోటి సిద్ధబీజాల్లో సగాన్ని చంపేసే ‘స్పోర్ కిల్లర్’ అనే జన్యు సముదాయాలు కూడా ఉన్నాయి. వాటిలో రెండు ఈ మౌనాన్ని సడలించగలవని 2007లో తేలింది. స్వార్థ జన్యువులు తనిఖీకి ఎదురు తిరగడమూ నేర్చుకున్నాయన్నమాట.

జత కట్టకుండా మామూలుగా పెరిగేటప్పుడు కూడా మూడో పద్ధతి ఒకటుంది. 1992లో రోమ్‌లో రొమానో, మచీనో నారింజ రంగునిచ్చే జన్యువును అదనంగా ఎక్కిస్తే, రంగు పెరగాల్సింది పోయి కొన్ని బూజులు తెల్లబడ్డాయి. నులిపురుగుల్లో ఆర్‌ఎన్‌ఏ ఇలాంటి మౌనాన్ని తెస్తుందని 1998లో చూపించిన ఫైర్, మెల్లోలకు 2006 నోబెల్ దక్కింది.

మిగతా శిలీంధ్రాల్లో ఎలా?

క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ ఎయిడ్స్ రోగుల్లో మెదడు పొరలకు ప్రాణాంతకమైన జబ్బు తెస్తుంది. దానిలో ఒకదాని పక్కన ఒకటిగా అనేక నకళ్లు చేర్చి జత కట్టిస్తే, మామూలు కణవిభజనలో కన్నా సుమారు 250 రెట్లు ఎక్కువగా మౌనం ఏర్పడుతుందని 2010లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ హైట్‌మన్ బృందం చూపించింది. అక్కడా సాధనం ఆర్‌ఎన్‌ఏనే. ఆ సాధనం చెడితే గెంతే జన్యువులు చెలరేగాయి.

కనోలా పంటను కాండం నల్లబరిచి చంపే లెప్టోస్ఫేరియా మాక్యులాన్స్‌లో రిప్ రైతుకు ఎదురు తిరిగింది. 2011లో చదివిన దాని జన్యుక్రమంలో మూడో వంతు దాకా రిప్ చితక్కొట్టిన భాగాలే. మొక్క ఏ జన్యువులను చూసి ఈ శిలీంధ్రాన్ని గుర్తుపడుతుందో, ఆ జన్యువులు సరిగ్గా ఆ శిథిలాల మధ్యే ఉన్నాయి. రిప్ దెబ్బ పక్కనున్న వాటికీ తగులుతుంది. గుర్తుపట్టే ఆనవాలు చెరిగిపోతుంది, రోగ నిరోధక రకం అనుకుని వేసిన పంటకే తెగులు సోకుతుంది.

మన వరిలో అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రంలోనూ ప్రయోగశాలలో జత కట్టించినప్పుడు రిప్ కనిపించింది. కానీ చాలా ప్రాంతాల పొలాల్లో అది జత లేకుండానే వ్యాపిస్తుంది. జత లేకపోతే రిప్ లేదు. దాని జన్యురాశిలో గెంతే జన్యువులు దండిగా ఉండటాన్ని ఈ కోణంలో చూడాలి.

హైదరాబాద్ పని

ఈ కథలో మన ఊరి భాగం కూడా ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో దుర్గాదాస్ కస్బేకర్ బృందం ఏళ్ల తరబడి న్యూరోస్పోరా మీదే పనిచేసింది. క్రోమోజోములో పెద్ద ముక్క రెండుసార్లు ఉన్న బూజును జత కట్టిస్తే, అదే జతలో ఉన్న చిన్న జన్యువు నకలు రిప్ నుంచి తప్పించుకుంటుందని వాళ్లు 2001లో చూపించారు. యంత్రాంగం సామర్థ్యానికి ఒక హద్దుంది, పెద్ద ముక్క దాన్నంతా తన వైపు లాగేసుకుంటే చిన్నది బతికిపోతుందన్నది వారి వివరణ. లోకం నలుమూలల నుంచి సేకరించిన అడవి రకాల్లో రిప్‌ను అణిచేవి ఏవైనా ఉన్నాయా అని వెతికారు, దొరికాయి కూడా. ప్రయోగశాలలో వాడే ప్రామాణిక రకంతో అడవి రకాలను కలిపినప్పుడు రెండో తనిఖీ చాలాసార్లు సడలిపోతుందనీ గమనించారు. పాఠ్యపుస్తకంలో రాసుకున్నంత కట్టుదిట్టంగా ప్రకృతిలో ఈ ఏర్పాట్లు పనిచేయవని మనకు గట్టిగా చెప్పిన పని ఇది. దీనికి తెలుగునాట రావాల్సినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

రెండో తనిఖీలాంటిది మన శరీరంలోనూ ఉంది. మగ క్షీరదాల్లో శుక్రకణాలు తయారయ్యే క్షయకరణ విభజనలో ఎక్స్, వై క్రోమోజోములు చాలా మటుకు జత కుదరనివి. కాబట్టి కణం వాటిని మౌనంగా ఉంచుతుంది. అక్కడ పద్ధతి వేరు, ఆర్‌ఎన్‌ఏ తునకల బదులు క్రోమోజోము పోగునే బిగించేస్తుంది.

డిగ్రీలో, పీజీలో జీవశాస్త్రం చదివే పిల్లలకు, వారికి పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మాట. న్యూరోస్పోరాను పెంచడానికి కొద్దిగా చక్కెర, కొన్ని లవణాలు, బయోటిన్ అనే ఒక్క విటమిన్ చాలు. ఒక్క రోజులో వేళ్ల పొడవున పాకుతుంది. దాని సిద్ధబీజాలు సుమారు 60 డిగ్రీల వేడి తగిలితేనే మొలకెత్తుతాయి. అందుకే ప్రకృతిలో అది కాలిన మొక్కల మీద, తగలబెట్టిన చెరకు తోటల్లో నారింజ పొడిలా పుట్టుకొస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రమేష్ మహేశ్వరి చెరకు పొలంలోనే దాని దగ్గరి బంధువు జీవిత చక్రాన్ని గమనించి 1996లో ప్రకటించారు. మన దగ్గరా చెరకు ఉంది, చెత్త తగలబెట్టడం ఉంది. కాలేజీ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్నవారు ఈసారి ఆ పొలాల్లో వెతకండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని.